హెర్పిస్ వైరస్ – ‘తిరుగుడు చక్రపు’ బొమ్మ

సికిందరాబాదులోని బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణములను సూక్ష్మదర్శినితో చూచి, చూచినది చూచినట్లు బొమ్మ గీసికొనెను. అవి మలేరియా పరాన్నజీవులు. జీవశాస్త్ర గ్రంథములలోని బొమ్మలన్నియు ఇట్లు కంటితో చూచి గీసినవే అని విద్యార్థి తలచుట సహజము. కాని కొన్ని బొమ్మలు ఊహించి గీసినవి. హెర్పిస్ వైరస్ తన డి. ఎన్. ఏ.ను ఎట్లు పెంచుకొనునో తెలుపు ‘తిరుగుడు చక్రపు’ బొమ్మ ఈ రెండవ తెగకు చెందినది.

పిల్లలకు వచ్చు ఆటలమ్మ, పెద్దలకు వచ్చు సర్పి ఒకే వైరస్ వలన కలుగును. పెదవిపై పొక్కులు కలిగించునది దాని బంధువు. (హెర్పిస్ అనగా గ్రీకు భాషలో ప్రాకునది, మన ‘సర్పి’కి ఆ మాటతో చుట్టరికమున్నది.) పెదవి వైరస్‌లోని డి. ఎన్. ఏ. సుమారు 1,52,000 మెట్లు గల నిచ్చెన. అది జీవకణపు కేంద్రకములో ప్రవేశించి అచటనే పెరుగును.

బొమ్మ చెప్పునదేమనగా: నిచ్చెన కొనలు రెండును కలిసి వలయమగును. ఒక పోగు తెగి, వలయము తిరుగుచుండగా, రాట్నమునుండి నూలు వచ్చినట్లు పొడవైన తోక బయటకు వచ్చును. దానిని కొలత ప్రకారము కోసి కొత్త వైరస్ పెంకులలో నింపుదురు. గిల్బర్ట్, డ్రెస్లర్ 1968లో ప్రతిపాదించిన చక్ర విధానమునుండి ఎరువు తెచ్చుకొన్న బొమ్మ ఇది. అనేక ప్రతులు తల–తోకగా అతుకుకొని యుండుట ఎందువలననో ఇది చక్కగా చెప్పుచున్నది. అంతవరకు దానిని మెచ్చుకొనవలసినదే.

చిక్కు తరువాత వచ్చును. ప్రతి నిచ్చెనను ఒక్క చోట మాత్రమే కోయు ఎంజైమును వాడినను, పెరుగుచున్న డి. ఎన్. ఏ.లో కొంత జెల్‌లోనికి కదలక గుంటలోనే నిలిచిపోవుచున్నది. తిన్నని తోక అయినచో ఇట్లు జరుగరాదు. అది కొమ్మలు వేసి, వలవలె అల్లుకొని యున్నదనుటకే ఇది సాక్ష్యము. పైగా నిచ్చెనలోని రెండు భాగములు తలక్రిందులగుచు నాలుగు అమరికలు ఏర్పడుచున్నవి. అనగా పోగులు తెగుట, మరల అతుకుకొనుట ఈ పనిలో భాగమే కావచ్చును. అసలు వలయమే ఏర్పడునా అను వాదము కూడ 2003లో లేచినది. కావున బొమ్మ తప్పు అనుట తొందరపాటు. ఇదే పూర్తి కథ అని పరీక్షలో వ్రాయించుట అంతకంటె తొందరపాటు. నల్లబల్లపై చక్రమును చుక్కల గీతతో గీసినచో చాలును.

నిశ్చయముగా తెలిసిన భాగమును మాత్రము పుస్తకములు ఒక వాక్యముతో దాటించుచున్నవి. ఇది న్యాయము కాదు. ప్రారంభ స్థానములు మూడు. తప్పనిసరియగు ప్రోటీనులు ఏడు: స్థానమును గుర్తించునది ఒకటి, విడిన పోగును కాపాడునది ఒకటి, నిచ్చెనను విప్పి పని మొదలిడునవి మూడు, కొత్త పోగును అల్లునవి రెండు. మందు పనిచేయునది ఇచటనే. గెర్ట్రూడ్ ఎలియన్ (1988 నోబెల్ బహుమతి) బృందము తయారుచేసిన ఎసైక్లోవిర్‌ను మొదట వైరస్ ఎంజైమే చురుకుపరచును. పిమ్మట అది అల్లికలో దూరి పోగును నిలిపివేయును. విప్పునట్టి ప్రోటీనులను అడ్డగించు అమెనమెవిర్‌ను సర్పికి వాడుటకు 2017లో జపాను అనుమతించినది. నాడీకణములలో అల్లిక సాగక, నిద్రించుచున్న డి. ఎన్. ఏ.ను మాత్రము ఈ మందులు తాకలేవు. సర్పి ఏండ్ల తరువాత లేచునది అచటినుండియే.