రంగు పోతే నీరు శుద్ధమైనట్టేనా?

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారు పరిసరాలలో, రంగ్రేజుల వృత్తి నేటికీ సాగుతూనే ఉన్నది. గిరాకీ తెచ్చిన గుడ్డముక్కను చూచి, దానికి సరిగ్గా జోడు కుదిరే రంగును దుపట్టాకు పట్టించడం వీరి నేర్పు. పొయ్యి మీది గిన్నెలో మరిగే ఆ రంగులు చాలవరకు కృత్రిమమైనవే. 1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ బొగ్గుతారు సంబంధమైన పదార్థం నుండి ఊదారంగును తయారుచేసిన తరువాత చెట్టుచేమల రంగులు క్రమంగా వెనుకబడినవి. గుడ్డకు పట్టగా మిగిలిన రంగునీరు మోరీలోకి పోతుంది. పాతబస్తీ మురుగుకు పల్లము మూసీయే.

ఇట్టి నీటికి ఎంజైములే తగిన మందు అని కొన్ని దశాబ్దాలుగా శాస్త్ర పత్రికలలో వ్యాసాలు వెలువడుతున్నవి. ఆ వాదంలో పస ఎంత, లోటు ఎంత అన్నది విచారించదగిన విషయం.

పస లేకపోలేదు. ఎంజైము అంటే జీవకణాలు తయారుచేసుకొనే ప్రోటీను. రసాయన చర్యను త్వరపెట్టి తాను ఖర్చు కాకుండా మిగులుతుంది. జపానులో వార్నిషు చెట్టు పాలలో 1883లో యోషిదా గుర్తించిన ఎంజైమే నేటి లాకేజ్. పుచ్చిన కలప మీద పెరిగే తెల్లకుళ్లు బూజులలో కూడా ఇది విరివిగా ఉన్నది. కలపకు గట్టితనమిచ్చే లిగ్నిన్‌ను విరగగొట్టడం వాటి పని. లిగ్నిన్ నిర్మాణం ఒక తీరుగా ఉండదు. కనుక దాని మీద పనిచేసే ఎంజైముకు పట్టింపులు తక్కువ. అనేక తాళాలకు పట్టే చెవి వంటిది. రంగు అణువులలోనూ అటువంటి వలయాలే ఉండటం వలన వాటినీ విరుస్తుంది. గాలిలోని ఆమ్లజని చాలు, పెద్ద వేడిమి అక్కరలేదు. నీలిరంగు జీన్సు గుడ్డను వెలయించడానికి 1990ల నుండి పరిశ్రమలే లాకేజును వాడుతున్నవి. కనుక ఇది కేవలం ప్రయోగశాల ముచ్చట కాదు.

లోటు ఎక్కడున్నదంటే, కొలిచే పద్ధతిలో. సాధారణంగా ఒకే శుద్ధమైన రంగును స్వచ్ఛమైన నీటిలో కరిగిస్తారు. ఎంజైమును కలిపి, ఆ నీరు ఎంత కాంతిని పీల్చుకొంటున్నదో చూచి, నూటికి ఇన్ని పాళ్లు రంగు పోయినదని ప్రకటిస్తారు. తెల్లనివన్నీ పాలు కానట్లే, తేటగా కనిపించినవన్నీ మంచినీళ్లు కావు. బూజునే నేరుగా నీటిలో వేసినప్పుడు, రంగు విరగక దాని పోగులకే అంటుకొని ఉండవచ్చు. అప్పుడు మాలిన్యం చోటు మారినది గాని నశించలేదు.

విరిగినా చిక్కు తీరదు. కృత్రిమ రంగులలో సగానికి పైగా ఆజో జాతివి. రెండు నత్రజని పరమాణువుల జంట వాటికి కీలకం. ఆమ్లజని లేని చోట కొన్ని సూక్ష్మజీవుల ఎంజైములు ఆ జంటను తెంపగా రంగు పోతుంది, ఎమీనులు మిగులుతవి. 1884 నాటి కాంగో రెడ్ అనే రంగు ఇట్లా తెగితే బెంజిడీన్ వస్తుంది. అది మూత్రాశయ క్యాన్సరుకు కారణమని రుజువైన పదార్థం. అటువంటి ఎమీనులను విడిచే ఆజో రంగులను మన ప్రభుత్వం 1997లో నిషేధించినది. లాకేజ్ మార్గం వేరు. అక్కడ ఎమీనుల భయం తక్కువ. అయినా దాని వలన మిగిలే ముక్కలన్నీ నిరపాయకరమని పరీక్షించకుండా చెప్పరాదు.

మరొకటి. లాకేజులలో చాలామట్టుకు పులుపు ఉన్న నీటిలోనే చక్కగా పనిచేస్తవి. నూలుకు వాడే రియాక్టివ్ రంగుల తొట్టిలో సోడా, ఉప్పు దండిగా ఉంటవి. నీరు క్షారగుణం కలది. రంగ్రేజు మోరీలో పూటపూటకు రంగులు మారుతవి, సబ్బు కలుస్తుంది. ప్రయోగశాలలో గెలిచిన ఎంజైము ఇక్కడ ఎంతసేపు నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న.

మూసీ మురికి అంతా రంగ్రేజుల పాపమనడం అన్యాయం. ఇండ్ల మురుగు, కర్మాగారాల వ్యర్థాలు అంతకంటె ఎంతో పెద్దవి. అయితే నగరం దిగువన ఆ నీటితోనే వరి, పశువుల గడ్డి పండిస్తారు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు తిరిగి నగరానికే వస్తవి. కనుక నీటిలో రంగు కనిపించకపోవడం రైతుకు భరోసా కాజాలదు.

కావలసినది ఎంజైములను మానడం కాదు, పరీక్షను కఠినం చేయడం. శుద్ధమైన రంగుకు బదులు నిజమైన మోరీ నీటిని తీసుకోవాలి. రంగుతో పాటు నీటిలో మిగిలిన మొత్తం కర్బనాన్నీ కొలవాలి. ఆ నీటిలో గింజలు మొలకెత్తునా, నీటిపురుగులు బ్రతుకునా అని చూడాలి. వెయ్యి లీటర్లకు అయ్యే ఖర్చు చెప్పాలి. ఎంజైమును గట్టి పూసలకు పట్టించి పదేపదే వాడితే ఎన్నిసార్లకు అలసిపోతుందో తేల్చాలి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమూ, తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థా ఉన్న నగరానికి ఇది అసాధ్యమేమీ కాదు. ఈ లెక్కలన్నీ చూపని వ్యాసం రంగును గురించి చెప్పినదే గాని నీటిని గురించి చెప్పినది కాదు.