కాలినొప్పికి మూలము నడుములోనే ఉన్నదా?

పన్ను నొప్పి పుడితే పన్నును, చెవిపోటు వస్తే చెవిని పరీక్షించడము వాడుక. అదే విధముగా కాలు నొప్పి పుడితే కాలికే కాపడము పెట్టడము, కాలికే తైలము రాయడము మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న పద్ధతి. ఈ పద్ధతి చాలదని, కాలినొప్పికి కారణము తరచు పొట్ట, నడుము, తుంటి ప్రాంతాల కండరములలో ఉంటుందని చెప్పే వాదము ఒకటి గడచిన ముప్పయి సంవత్సరాలలో బాగా వ్యాపించింది. ఈ ప్రాంతమును ఇంగ్లీషులో 'కోర్' అంటారు. మనము మధ్యకాయము అనుకుందాము. ఈ వాదములో సత్యమెంత, అతిశయోక్తి ఎంత అన్నది ఇక్కడ విచారించదలచిన విషయము.

ఈ విచారణ ఎవరికి అవసరమో తెలియడానికి హైదరాబాదులోని మూసాపేటను చూస్తే చాలును. దానికి ఒక ప్రక్క బాలానగర్, సనత్‌నగర్ కర్మాగారములు. ఇంకొక ప్రక్క, 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి పెరుగుతూ వచ్చిన హైటెక్ సిటీ. లేతు ముందు రోజంతా నిలబడేవారు, కంప్యూటరు ముందు రోజంతా కూర్చునేవారు ఇరుగుపొరుగున కాపురముంటారు. ఒకరికి సాయంత్రానికి పిక్కలు లాగుతాయి. ఒకరికి మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప వెనుక పోటు వస్తుంది. ఇంకొకరికి పిరుదు నుండి పాదము దాకా సలుపు ప్రాకుతుంది. ఇవి మూడు వేరు వేరు నొప్పులు. కాని వ్యాయామశాలల ప్రకటనలలోను, చేతి ఫోనులోని వీడియోలలోను ముగ్గురికీ దొరికే సలహా ఒక్కటే: 'కోర్‌ను బలపరచుకోండి.' మూడు తాళములకు ఒకే తాళపుచెవి ఇస్తున్నారన్న మాట.

ముందుగా ఈ వాదములోని బలమును న్యాయముగా చూడవలెను. మధ్యకాయమును ఒక పెట్టెతో పోల్చవచ్చును. దానికి ముందు గోడ పొట్ట కండరములు. వెనుక గోడ వెన్నుపూసలను అంటిపెట్టుకున్న చిన్న కండరములు. పైకప్పు శ్వాసకు తోడ్పడే విభాజక పటలము. అడుగుభాగము శ్రోణి కండరములు. భారతీయ సంతతికి చెందిన మనోహర్ పంజాబీ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములో పనిచేస్తూ 1992లో ఒక సిద్ధాంతము ప్రకటించారు. వెన్నెముక నిలకడ మూడింటిమీద ఆధారపడి ఉంటుందని ఆయన చెప్పారు: ఎముకలు, వాటిని బంధించే స్నాయువులు ఒకటి, కండరములు రెండు, వీటిని నడిపించే నాడీమండలము మూడు. ఈ మూడవ అంశమును పాఠకులు గుర్తుంచుకోవలెను. తరువాతి కాలములో ప్రచారకులు ఎక్కువగా మరచినది దీనినే.

నడుమునకు, కాలికి ఉన్న సంబంధము భౌతికశాస్త్రములోని తులాదండ సూత్రముతోనే తెలుస్తుంది. 60 కిలోల మనిషి కుడికాలిమీద నిలబడినాడనుకొందాము. ఆ కాలి బరువు సుమారు 10 కిలోలు. మిగిలిన 50 కిలోలను కుడి తుంటి కీలు మోయవలెను. ఆ బరువు కీలు నుండి సుమారు 10 సెంటీమీటర్లు లోపలివైపున పడుతుంది. దానిని తూచి నిలిపే పిరుదు ప్రక్క కండరము కీలుకు వెలుపల సుమారు 5 సెంటీమీటర్ల దూరములో లాగుతుంది. రెండు ప్రక్కల బలభ్రామకములు సమానము కావలెను గనుక ఆ కండరము 100 కిలోల బరువుకు సమానమైన బలముతో లాగవలసి వస్తుంది. కీలుమీద పడే మొత్తము 150 కిలోలు, అనగా శరీరపు బరువుకు రెండున్నర రెట్లు. నడకలో వేసే ప్రతి అడుగులోను ఇంచుమించు ఈ తూకము జరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ మనిషి మొండెమును కొంచెము కుడివైపునకు వంచినాడనుకొందాము. 10 సెంటీమీటర్ల దూరము 5కు తగ్గితే కండరము లాగవలసినది 50 కిలోలే. కీలుమీద భారము 100 కిలోలే. తుంటి నొప్పి ఉన్నవారు ఆ ప్రక్కకు ఒరిగి నడవడానికి కారణమిదే. ఈ ప్రక్క కండరము దుర్బలమైతే ఒంటికాలిమీద నిలబడినప్పుడు రెండవవైపు శ్రోణి క్రిందికి జారుతుంది. జర్మనీ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వర్ణించిన ఈ చిహ్నమును వైద్యులు నేటికీ పరీక్షిస్తారు. తరగతిలో ఒక మీటరు స్కేలు, రెండు తూకపు రాళ్లతో ఉపాధ్యాయులు ఈ లెక్కను చూపవచ్చును. మొండెము ఎక్కడ ఉన్నదనే దానిమీద కాలి కీళ్ల భారము ఆధారపడుతుందన్న మాట నిస్సందేహముగా నిజము.

దీనికి తోడు ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ చేసిన ప్రయోగములున్నవి. నిలబడిన మనిషి కాలు కదిలించేటప్పుడు, కాలి కండరముకంటె ముందే పొట్ట లోతులోని అడ్డ కండరము మేలుకొంటున్నదని వారు 1997లో విద్యుత్ సంకేతములద్వారా చూపించారు. నడుమునొప్పి ఉన్నవారిలో ఆ మేలుకొలుపు ఆలస్యమవుతున్నదని 1998లో ప్రకటించారు. ఈ పరిశోధన గొప్పది. మధ్యకాయ వాదము వ్యాపించినది చాలవరకు దీనివల్లనే.

ఇక విమర్శకు వద్దాము. మొదటి ఆక్షేపణ: హాడ్జెస్ బృందము కొలిచినది కండరము మేలుకొనే సమయమును, అదీ సెకనులో వెయ్యవ వంతులలో. వారు చూపినది ఆలస్యమేగాని బలహీనత కాదు. వ్యాయామశాలలో పెంచేది బలము. పంజాబీ చెప్పిన మూడవ అంశమును రెండవ అంశముగా మార్చి అమ్ముతున్నారు. అంతకంటె ముఖ్యమైన విషయము ఇంకొకటి ఉన్నది. హాడ్జెస్ బృందమే 2003లో ఆరోగ్యవంతుల నడుము కండరములోనికి ఉప్పునీటిని ఎక్కించి తాత్కాలికముగా నొప్పి కలిగించి చూచింది. ఆ నొప్పివల్ల కూడా కండరముల వరుస మారింది. అనగా ఆలస్యమువల్ల నొప్పి కలగవచ్చును. నొప్పివల్లనూ ఆలస్యము కలగవచ్చును. రెండు విషయములు కలసి కనిపించినంత మాత్రాన ఒకటి కారణము, రెండవది కార్యము అనరాదు.

రెండవ ఆక్షేపణ: కాలి విషయములోనూ ఇదే చిక్కు కనబడుతున్నది. మోకాలి చిప్ప నొప్పి ఉన్నవారిలో తుంటి కండరములు దుర్బలముగా ఉంటాయన్నది నిజము. కాని నొప్పి లేనివారిని ముందుగా పరీక్షించి, తరువాత ఎవరికి నొప్పి వచ్చినదో గమనించిన పరిశోధనలను 2014లో రాథ్లెఫ్ బృందము సమీక్షించగా, తుంటి బలము తక్కువగా ఉన్నవారికే నొప్పి వస్తున్నదని తేలలేదు. యేల్‌లో జాజులాక్ బృందము 277 మంది కళాశాల క్రీడాకారులను మూడేళ్లపాటు గమనించి 2007లో ఫలితములు ప్రకటించింది. 25 మందికి మోకాలి గాయములైనవి. మొండెము అదుపు తక్కువగా ఉండడము స్త్రీలలో మోకాలి స్నాయువుల గాయమును ముందుగా సూచించింది. పురుషులలో పూర్వము నడుమునొప్పి వచ్చి ఉండడము ఒక్కటే సూచించింది. మధ్యకాయమునకు, మోకాలికి సంబంధమున్నదని దీనివల్ల తెలుస్తున్నది. ఆ సంబంధము అందరిలో ఒకే తీరుగా లేదని కూడా దీనివల్లనే తెలుస్తున్నది.

మూడవ ఆక్షేపణ చికిత్స ఫలితములను గురించినది. దీర్ఘకాలపు నడుమునొప్పికి మధ్యకాయపు అదుపు నేర్పే వ్యాయామములపై జరిగిన 29 ప్రయోగములను, 2431 మంది రోగుల వివరములను కాక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. ఏమీ చేయకపోవడముకంటె ఈ వ్యాయామము మేలు. ఇతర వ్యాయామములతో పోల్చితే చెప్పుకోదగిన తేడా లేదు. మోకాలి చిప్ప నొప్పిపై 31 ప్రయోగములను సమీక్షించిన 2015 నివేదిక, మోకాలికి మాత్రమే వ్యాయామము చేసేకంటె తుంటికి, మోకాలికి కలిపి చేయడము మేలు కావచ్చునన్నది; కాని ఆధారములు బలహీనమని అదే నివేదిక హెచ్చరించింది. కాబట్టి మధ్యకాయ వ్యాయామము మంచి వ్యాయామములలో ఒకటి. సర్వరోగ నివారిణి మాత్రము కాదు.

ఇంతవరకు జరిగినది పండితుల వాదము. అసలు నష్టము వేరేచోట ఉన్నది. కాలినొప్పి అనగానే కండరములే అనుకొంటే, కండరములకు సంబంధము లేని కారణములు దాటిపోతాయి. ఇందుకు నిదర్శనములు మన తెలుగు నేలమీదనే ఉన్నవి. ఆనాటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల ప్రజల నడుములు బిగిసి, కీళ్లు పట్టుకొనిపోవడానికి త్రాగేనీటిలోని ఫ్లోరైడు కారణమని 1937లో షార్ట్ బృందము వెల్లడించింది. ఈ వ్యాధిలో ముదిరిన ఎముక వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. ఫ్లోరైడు ప్రాంతములో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానితో ఒకటి ఒరుసుకొనే వ్యాధిని గురించి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో ప్రకటించారు. ఎంత ఎండ ఉన్న దేశమైనా మనవారిలో డి విటమిను కొరత విస్తారముగా ఉన్నదని తిరుపతిలో హరినారాయణ్ బృందము చేసిన పరిశోధనలు 2007లో తెలిపినవి. ఈ కొరత తీవ్రమైతే ఎముకలు మెత్తబడి తొడలు, తుంటి నొప్పి పెడతాయి. నీటిలోని దోషము గాని, ఆహారములోని లోపము గాని పొట్ట కండరములు బిగించినందువల్ల తీరవు.

నొప్పి స్వభావమును శ్రద్ధగా అడిగితే చాలా సంగతులు బయటపడతాయి. కొంతదూరము నడవగానే పిక్క పట్టేసి, కేవలము నిలబడితే తగ్గే నొప్పి రక్తనాళములు ఇరుకైనందువల్ల కావచ్చును. పొగత్రాగేవారిలో, మధుమేహులలో ఇది ఎక్కువ. నిలబడినా తగ్గక, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గే నొప్పి వెన్నులో నాడులు ఇరుకునపడినందువల్ల కావచ్చును. పాదములలో మంట, తిమ్మిరి మధుమేహమును సూచించవచ్చును. ఒక్క పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తము గడ్డకట్టి ఉండవచ్చును. దానిని మర్దనా చేయరాదు. కాలినొప్పితోపాటు మలమూత్రములపై అదుపు తప్పినా, తొడల నడుమ స్పర్శ పోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లవలెను.

కాబట్టి అనేక శాస్త్రముల వారు కలసి చేసే చికిత్స అవసరము. ఈ భావమునకు గట్టి రూపమిచ్చినది అమెరికా వైద్యుడు జాన్ బోనికా. రెండవ ప్రపంచయుద్ధములో గాయపడిన సైనికుల మొండినొప్పులను చూచి, ఒక్క నిపుణుడు చాలడని ఆయన గ్రహించారు. 1953లో నొప్పి చికిత్సపై బృహద్గ్రంథము ప్రకటించారు. దీర్ఘకాలపు నడుమునొప్పికి ఈ సమష్టి చికిత్సపై జరిగిన 41 ప్రయోగములను 2014లో కాక్రేన్ సమీక్షించగా, సాధారణ చికిత్సకంటె ఇది మేలని తేలింది. ఆ మేలు కొద్దిపాటిదేనని కూడా తేలింది.

అయితే 'సమష్టి' అన్న మాటకూ అర్థము చెడిపోయే ప్రమాదమున్నది. రోగిని ఐదు గదులు త్రిప్పి ఐదు రుసుములు పుచ్చుకొంటే అది సమష్టి చికిత్స కాదు. అందులో ఒక వరుస ఉండవలెను. ముందుగా వైద్యుడు ఎముక, నాడి, రక్తనాళములలో ప్రమాదము లేదని తేల్చవలెను. తరువాత భౌతిక చికిత్సకుడు నడకను, తుంటిని, మొండెపు అదుపును పరీక్షించి వ్యాయామము నిర్ణయించవలెను. పోషకాహార నిపుణుడు ఆహారమును విచారించవలెను. నిద్ర, దిగులు, భయము నొప్పిని ఎంత పెంచుతున్నవో ఒకరు అడగవలెను. నిలబడే పనిలో పీట, కూర్చునే పనిలో విరామము ఏర్పాటు చేయగల యజమాని కూడా ఈ బృందములో ఒకడే. వీరందరు వ్రాసేది ఒకే కాగితముమీద కావలెను. అది రోగి చేతిలో ఉండవలెను.

విద్యార్థులు ఇటువంటి ప్రకటన ఏది చూచినా మూడు ప్రశ్నలు వేయడము అలవాటు చేసికోవలెను. ఏ నొప్పికి ఈ చికిత్స? ఏ పరీక్ష చేసిన తరువాత? దేనితో పోల్చి చూచి ఇది మేలని తేల్చారు? సమాధానము దొరికితే వ్యాయామము మొదలుపెట్టవచ్చును. దొరకకపోతే, ఇంట్లో కాలు నొప్పి అంటున్న తాతగారిని ముందు వైద్యుని వద్దకు తీసికొని వెళ్లడము మంచిది. ఆయన చేతికర్ర పట్టుకొనేటట్లయితే నొప్పి ఉన్న తుంటికి ఎదురుచేతిలో పట్టుకొమ్మని చెప్పవలెను. ఎందుకని అడిగితే, పైన చెప్పిన తులాదండపు లెక్క మీ దగ్గర సిద్ధముగా ఉన్నది.