మిద్దె మీద చౌడు

అనంతపురం పీఠభూమిలో పాత ఇల్లంటే మట్టి మిద్దె. పేరులో మట్టి ఉన్నా ఆ ఇంటిని నిలబెట్టేది కొయ్యే. రాళ్లూ బురదమట్టీ కలిపి మందంగా గోడలు లేపుతారు. లోపల కొయ్య స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు. దంతెల మీద సన్నకట్టె గానీ బండలు గానీ పరిచి, ఆకూ అలమూ వేసి, తొక్కిన మట్టిని దట్టిస్తారు. అన్నిటికీ పైన చౌడు. ఈ కప్పు అడుగు మందం ఉంటే చదరపు మీటరుకు సుమారు అర టన్ను బరువు. అందులో చాలా భాగాన్ని ఏళ్ల తరబడి మోసేది వడ్రంగి కూర్చిన చట్రమే.

అందుకే కలప ఎంపికలో తొందర ఉండేది కాదు. వేప, తుమ్మ అందరికీ దొరికేవి. కలిగినవాళ్లు టేకు తెప్పించేవాళ్లు. నారేపి ఈ పొడినేలల చెట్టే. దేశంలో బాగా బరువైన కలపల్లో అదొకటి, దాని చేవకు చెద ఒక పట్టాన పట్టదు. స్తంభాన్ని నేలలో పాతకుండా రాతి దిమ్మ మీద నిలుపుతారు. తేమా చెదలూ పైకి పాకకుండా ఆ రాయి అడ్డు. స్తంభం తలమీద బోదిక. దూలం బరువును రెండు వైపులా పంచుకొని స్తంభానికి దించడం దాని పని. పనిమంతుడైన వడ్రంగి దాని కొసన తామరమొగ్గ చెక్కకుండా వదిలేవాడు కాదు. లేపాక్షి గుడిలో పదహారో శతాబ్దపు రాతి స్తంభాల మీదా బోదికలే ఉన్నాయి. రాతి గుళ్ల రూపాలు చాలావరకు కొయ్య కట్టడాల నుంచి వచ్చినవేనని శిల్పచరిత్ర రాసినవాళ్ల మాట. ఆ లెక్కన పల్లెటూరి పడసాలలోని బోదిక గుడిని అనుకరించిందనడం కంటే గుడికే పాత చుట్టమనడం సబబు.

నడి ఇంట్లోకి వెలుగు వచ్చేది గవాచి నుంచి. కప్పులో వదిలిన ఆ కన్నం పగలు వెలుతురునిస్తుంది, వంటింటి పొగను బయటికి పంపుతుంది. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దెక్కి దాని మీద బండో కుండో బోర్లించాలి.

కోస్తాలో పెంకుటింటి మండువాకు వాలు కప్పు తప్పనిసరి. ఇక్కడ చదును మిద్దె చెల్లుబాటయిందంటే కారణం కరువే. పశ్చిమ కనుమల చాటున పడ్డ ఈ నేల మీద ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. ఆ కొద్ది వానను ఆపడానికి చౌడు చాలు. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందుల్లో కూరుకుంటాయి. నీరు కిందికి ఇంకకుండా తూముల గుండా పోతుంది. పైరుకు పనికిరాని మట్టి ఇంటికి గొడుగయింది. చాకిరేవులో బట్టలు తెల్లబడింది కూడా ఈ చౌడుతోనే.

అయితే చౌడు ఏటేటా కొట్టుకుపోతుంది. వానల ముందు కొత్తది తోలుకొచ్చి చల్లాలి. పాతది గీకకుండా పైపైనే పోస్తూ పోతే బరువు పెరిగి దూలం పగులుతుంది. కుండపోత కంటే రోజుల తరబడి పట్టిన ముసురే మిద్దెకు ప్రమాదం. గోడ నానితే మనుషుల మీదే కూలుతుంది. ఈ ఇళ్లను పొగిడేవాళ్లు సాధారణంగా ఈ సంగతి ఎత్తరు. సిమెంటు స్లాబు వేసుకున్న కుటుంబాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇలాంటి ఇంటికి వారసత్వ విలువ కట్టేదెలా? పోలికకు అమెరికాను చూడవచ్చు. అక్కడ 1840ల నుంచి 1880ల దాకా ఇటలీ పల్లె భవంతుల పోకడలో కొయ్య ఇళ్లు వేల సంఖ్యలో లేచాయి. ముందుకు చాచిన చూరు, దాని కింద వరుసగా చెక్కిన బ్రాకెట్లు, ఎత్తయిన సన్నని కిటికీలు వాటి గుర్తులు. ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ వంటివారి నమూనా పుస్తకాలు చూసి, ఆవిరి రంపాలు కోసిచ్చిన చెక్కతో వడ్రంగులు వాటిని కట్టారు. కొన్నిటికి రాయిలా కనబడాలని రంగులో ఇసుక కలిపి పూశారు. రాతికి నకలైన ఆ కొయ్య ఇళ్లలో ఎన్నో అక్కడి 1966 వారసత్వ పరిరక్షణ చట్టం కింద ఏర్పడిన జాతీయ జాబితాకెక్కాయి. సొగసుతో పాటు, కట్టిన కాలపు పనితనానికి సాక్ష్యమివ్వడం కూడా ఆ అర్హతకు ఆధారం.

మన దగ్గర ఇటలీ పోకడ అనగానే హైదరాబాద్‌లో 1884లో మొదలైన ఫలక్‌నుమా గుర్తొస్తుంది. అది కొండ మీది ప్రభువుల మేడ. 2010 నుంచి హోటలు. కాపుల మిద్దెకు అలాంటి పోషకులు లేరు. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం నూరేళ్లు నిండిన నిర్మాణాలను చూస్తుంది గానీ, రక్షణ ఎక్కువగా దక్కింది కోటలకూ గుళ్లకూ సమాధులకూ. పెనుకొండ గగన్ మహల్‌కు పేరుంది; ఆ చుట్టుపక్కల ఊళ్ల మిద్దెలకు లేదు. జనగణన పట్టికలోనైతే గడ్డి, వెదురు, కర్ర, మట్టి కప్పులన్నీ ఒకే గడిలో, తాత్కాలిక సామగ్రి కింద పడతాయి. మూడు తరాలు కాపురమున్న కప్పు కూడా ఆ లెక్కన తాత్కాలికమే.

ఏటా మట్టి మారే ఇంట్లో అసలుది ఏది అన్న ప్రశ్న ఇంకొకటి. కట్టడాల పరిరక్షణ మీద వచ్చిన 1964 వెనిస్ పత్రం ప్రధానంగా పాత పదార్థాన్నే కాపాడమంది. జపాన్‌లో కొయ్య గుళ్లను విప్పి, పాడైన ముక్క మార్చి, మళ్లీ కూర్చడం తరాల ఆచారం. 1994లో నారా పట్టణంలో కుదిరిన పత్రం పదార్థంతో పాటు పనితీరు, సంప్రదాయం, వాడుక కూడా అసలుతనానికి ఆధారాలేనని ఒప్పుకుంది. మిద్దెకు సరిపోయే కొలత ఇదే. చౌడు కొత్తదైనా చల్లే పద్ధతి పాతది. దంతె మారినా కూర్పు మారదు.

అతుకులు విప్పదగినవి కావడం మిద్దె కొయ్య చట్రానికి బలమూ బలహీనతా. చెన్నై దగ్గర 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియంలో పాత ఇళ్లను విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టారు. పాత సామాను వ్యాపారికీ అదే వీలు: దర్వాజా ఒక చోటికి, స్తంభాలు ఇంకో చోటికి అమ్ముడుపోతాయి, గోడలు వానకు కరిగిపోతాయి. విడిగా కొన్న బోదిక అలంకారంగా మిగులుతుంది. అది మోసిన బరువు సంగతి ఎవరికీ తెలియదు.

ఉన్నచోటే నిలపాలంటే మొదట చేయాల్సింది కొలతలు తీయడం: స్తంభాల మధ్య దూరం, దంతెల వరుస, ఏ కలప, చౌడు ఏ చెరువు పక్క నుంచి తోలారు, తూములు ఎటు వాలాయి. రెండోది మరమ్మతు. మట్టి మీద సిమెంటు పూత పెడితే పగుళ్లలోంచి దిగిన నీరు ఆవిరి కాలేక దంతెలను కుళ్లబెడుతుంది. పాత మట్టిని తవ్వి దించి, పాడైన దంతెను మార్చి, వాలు సరిచేసి పలచగా చౌడు వేయడమే సరైన పని. దానికి కావాల్సింది చేవదేరిన కలప, మిద్దె వేయడం తెలిసిన మనిషి, ఏటా వానల ముందు నాలుగు బండ్ల చౌడు.