నంబరున్న వస్తువు

పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజార్‌లో గురువారం వస్తే పాత పానాలు, చొక్కాలు, ఫ్యాన్లు, డ్రిల్లింగ్ మిషన్లు నేలమీదే పరిచి ఉంటాయి. యాభై రూపాయల పానాకు రసీదు ఎవరూ అడగరు, అడగక్కర్లేదు కూడా. కానీ వస్తువు మీద నంబరు కనబడితే నేను ఆగుతాను. ఫోనుకు ఐఎంఈఐ, బండికి ఛాసిస్ నంబరు, కెమెరాకు సీరియల్ నంబరు. నంబరుందంటే అది ఎక్కడో ఎవరి పేరుమీదో రాసి ఉండే వస్తువు. ఆ పేరు నుంచి నా పేరు దాకా కాగితం ఉందా అన్నది తేలాకే బేరం.

1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. దొంగసొత్తని తెలియక నిజాయితీగా డబ్బు పోసి కొన్నా, అసలు యజమాని వస్తే వదులుకోవాల్సిందే. దొంగదని తెలిసి, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటే, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. కొత్తదానిలా ఉన్న ఫోను బిల్లు లేకుండా కారుచౌకగా వస్తోందంటే, రేపు స్టేషన్లో మొదటి ప్రశ్న ఆ ధర గురించే.

ఫోనుకైతే పని నిమిషంలో అయిపోతుంది. *#06# కొడితే తెరమీద ఐఎంఈఐ వస్తుంది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కేవైఎం అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కు మెసేజ్ పంపాలి. బ్లాక్ చేసిన ఫోనని జవాబొస్తే అక్కడికక్కడే తిరిగిచ్చెయ్యాలి.

బండి సంగతి వేరు. ఇక్కడ నా బెంగంతా అమ్మేవాడి గురించే. పాతబస్తీలోనే కాదు, ఊరంతా నడుస్తున్న పద్ధతి ఒకటుంది: 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, కొనేవాడి పేరు దగ్గర ఖాళీ వదిలేస్తారు. "పార్టీ దొరికినాక నింపుకుంటం సాబ్, ఫికర్ చెయ్యొద్దు" అంటాడు ఏజెంటు. నడుమ తన పేరు ఎక్కితే ఖర్చు, ఆలస్యం అని అతని లెక్క. బండి ముగ్గురి చేతులు మారినా ఆర్సీలో మీ పేరే ఉంటుంది. చలాన్లు మీ పేరుకే వస్తాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. 2007లో అమ్మేసిన ఒక కారు చేతులు మారుతూ పోయి 2009లో ఒకరి ప్రాణం తీసింది. పరిహారం కట్టాల్సింది రికార్డులో పేరున్న మొదటి యజమానేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

అందుకే ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి, ఎంత తెలిసినవాడైనా సరే. బండి రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాల్సిన బాధ్యత అమ్మినవాడిది; 30 రోజుల్లో తెలపాల్సింది కొన్నవాడు. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, బాకీ తీరినట్టు వాళ్ల ఎన్‌ఓసీ, 35వ నంబరు ఫారం చేతికి రాకుండా కొనేవాళ్లు పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

ఇవి కాక తెల్లకాగితం మీద ఒక విక్రయ పత్రం రాయించడం నా అలవాటు. రెండు ప్రతులు. ఇద్దరి పేర్లు, చిరునామాలు, నంబర్లు, సొమ్ము ఎంత, ఎలా ముట్టింది. తేదీతో పాటు బండి అప్పజెప్పిన గంట, నిమిషం కూడా వేయిస్తాను. పొద్దున అమ్మిన బండి సాయంత్రం ఎవరినైనా గుద్దితే ఎవరి చేతిలో ఉందో చెప్పేది ఆ గంటే. గుర్తింపు కార్డు జిరాక్స్ మీద "ఈ బండి అమ్మకానికి మాత్రమే" అని అడ్డంగా రాస్తాను. ఆ కాపీని ఇంకోచోట వాడకుండా అవతలివాడికీ అది రక్ష.

సొమ్ము ముట్టిందన్న వాక్యం మాత్రం అమ్మినవాడి చేతే రాయించాలి. సంతకం నాది కాదనడం తేలిక, రెండు వరుసల దస్తూరీని కాదనడం కష్టం. ఉర్దూలో రాస్తానంటే ఉర్దూలోనే రాయనివ్వండి, కింద తెలుగులో మీరు అర్థం రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఒక ప్రతి అతని జేబులోకి వెళ్లాకే తాళం తీసుకోండి.