పిడికిట్లో ఇమిడే ఇత్తడి కావలి

వంటింటి గ్యాస్ బండలో 14.2 కిలోల ఇంధనం ఉంటుంది. అందులో చాలాభాగం ద్రవమే. ప్రొపేన్, బ్యూటేన్ వాయువులను ఒత్తిడితో అణచి, ద్రవంగా మార్చి 33.3 లీటర్ల ఉక్కు బండలో నింపుతారు. ఆ ద్రవం బయటపడితే దాదాపు 250 రెట్లు వ్యాపిస్తుంది. గాలికన్నా బరువు కాబట్టి పైకి పోకుండా నేలమీదే పరుచుకుంటుంది. గాలిలో సుమారు రెండు శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. ఇంతటి శక్తిని పొయ్యి పక్కన పెట్టుకుని మనం నిశ్చింతగా నిద్రపోగలుగుతున్నామంటే, ఆ ఘనతలో పెద్ద వాటా బండ నెత్తిన ఉన్న ఇత్తడి వాల్వుది.

వెల్డింగ్ షాపుల్లోని ఆక్సిజన్ సిలిండర్ వాల్వును తెరవాలన్నా, మూయాలన్నా చేత్తోనే తిప్పాలి. పని తెలిసినవాళ్ల దగ్గర అది చక్కగా నడుస్తుంది. వంటింటి సంగతి వేరు. అక్కడ పాలు పొంగుతుంటాయి, పిల్లలు ఏడుస్తుంటారు, వాకిట్లో ఎవరో పిలుస్తుంటారు. మనిషి మరిచిపోయినా వాల్వు మరిచిపోకూడదు. అందుకే గ్యాస్ బండకు తనంతట తానే మూసుకునే వాల్వు పెట్టారు.

దాని లోపలి అమరికలో పెద్ద హంగులేమీ లేవు. మధ్యలో ఒక ఇత్తడి పిన్ను, దాని చుట్టూ రబ్బరు బిళ్ల, కింద తుప్పుపట్టని ఉక్కు స్ప్రింగు ఉంటాయి. స్ప్రింగు పిన్నును పైకి నెట్టి, రబ్బరును వాల్వు లోపలి అంచుకు అదిమి ఉంచుతుంది. బండలోని ఒత్తిడి కూడా అదే దిక్కున నెడుతుంది. లోపలికి తెరుచుకునే తలుపును గదిలోని జనం ఒక్కసారిగా వచ్చి తోస్తే ఏమవుతుంది? తలుపు తెరుచుకోదు సరికదా, ఇంకా బిగుసుకుంటుంది. ఇక్కడ జరిగేదీ అంతే. రోహిణీకార్తె ఎండలకు బండలో ఒత్తిడి పెరిగితే వాల్వు మరింత గట్టిగా మూసుకుంటుంది. ఏ శక్తి వల్ల ప్రమాదం రావచ్చో ఆ శక్తినే కాపలాకు పెట్టడం ఈ రూపకల్పనలోని గొప్పదనం.

రెగ్యులేటర్ మీట ఆన్ చేసినప్పుడు దాని లోపలి కడ్డీ దిగి పిన్నును కిందికి నొక్కుతుంది. వాయువు పైకి వస్తుంది. ఆఫ్ చేస్తే పిన్ను మళ్లీ పైకి లేచి దారి మూసేస్తుంది. బండలో చదరపు సెంటీమీటరుకు ఆరు కిలోల ఒత్తిడి ఉందనుకుందాం. పొయ్యికి వెళ్లేసరికి రెగ్యులేటర్ దాన్ని 30 గ్రాములకు, అంటే రెండువందలో వంతుకు దించుతుంది.

వాల్వును ఇంత పొట్టిగా చేయడం అందం కోసం కాదు. బండలు లారీల్లో కుదుపులు తింటాయి, నేలమీద దొర్లుతాయి, ఒకదానికొకటి తగులుతాయి. వాల్వు పొడుగైతే దెబ్బ తగిలినప్పుడు మెడ దగ్గర భారం ఎక్కువ పడుతుంది. అందుకే అది చుట్టూ ఉన్న ఉక్కు రింగు ఎత్తు దాటదు. గ్యాస్ నింపేదీ వాడుకునేదీ ఒకే దారిన. బాట్లింగ్ ప్లాంటులో నింపే యంత్రం కూడా ఆ పిన్నునే నొక్కి ద్రవాన్ని లోపలికి పంపుతుంది. అతుకు ఉన్న ప్రతిచోటా కారే అవకాశం ఉంటుంది. ఒక అతుకు తగ్గించారంటే ఒక ప్రమాదాన్ని తగ్గించినట్టే.

లోహం ఎంపికలోనూ ఇంతే శ్రద్ధ కనిపిస్తుంది. పోత పోసిన ఇత్తడిలో కంటికి కనిపించని సూది బెజ్జాలు మిగిలిపోవచ్చు. నీటి కుళాయికైతే ఫరవాలేదు గానీ గ్యాసుకు ఆ సందు చాలు. అందుకే ఇత్తడి ముక్కను కాల్చి, అచ్చులో బలంగా నొక్కి దిట్టం చేసి, ఆపైన లేత్ మీద మరలు తీస్తారు. ఇత్తడికి ఇంకో బలహీనత ఉంది. 19వ శతాబ్దంలో మన దేశంలోని బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా తొడుగులు వాటంతటవే పగిలిపోయేవి. తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ కలిసి ఆ పని చేశాయని తర్వాత తేలింది. ఆ పాఠం తెలిసిన తయారీదారు భాగాలను మితమైన వేడిలో ఉంచి లోపలి బిగువు తీసేస్తాడు.

ఇంతా చేస్తే అన్నిటికన్నా ముందు అరిగేది రబ్బరే. మామూలు రబ్బరు ఈ గ్యాసుకు ఉబ్బిపోతుంది కాబట్టి నైట్రైల్ రబ్బరు వాడతారు. అది వాల్వులో రెండుచోట్ల ఉంటుంది. ఒకటి పిన్నుకున్న బిళ్ల. రెండోది నోటి దగ్గరి ఓ-రింగు, మనం వాషర్ అనేది దాన్నే. బిళ్ల పాడైతే క్యాపు తీయగానే తెలుస్తుంది. వాల్వు నోట్లో కొంచెం నీళ్లు పోస్తే బుడగలొస్తాయి. వాషర్ చీలితే మాత్రం బండ ఊరికే ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. రెగ్యులేటర్ పెట్టి ఆన్ చేశాకే గుప్పున వాసన కొడుతుంది. అందుకే ప్లాంటులో రెండింటినీ విడివిడిగా పరీక్షిస్తారు.

మన దేశంలో వంటగ్యాస్ అమ్మకం 1955లో బొంబాయిలో బర్మా షెల్‌తో మొదలైంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చాక, అంతవరకూ కట్టెలపొయ్యి పొగలో కళ్లు మండించుకున్న లక్షలాది ఇళ్లకు బండ చేరింది. ఆ తల్లులెవరూ యంత్రశాస్త్రం చదవలేదు, చదవాల్సిన అవసరాన్ని వాల్వు వాళ్లకు రానివ్వలేదు. సామాన్యుడి మరుపునూ తొందరనూ తప్పుగా ఎంచక, వాటిని ముందే లెక్కలో వేసుకుని చేసిన వస్తువిది. నా దృష్టిలో ఇంజినీరింగులో ఇంతకు మించిన మర్యాద లేదు.

ఆ శ్రద్ధకు మన వంతు జోడించడం కష్టమేమీ కాదు. బండ దించగానే సీలు విప్పించి, వాల్వు పరీక్ష చేయించుకోండి. తెచ్చిన మనిషిని తొందరపెట్టకండి, ఆ రెండు నిమిషాలు అతని పనిలో భాగమే. తాడుతో వేలాడే క్యాపును తెంపి పారేయకండి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, మంటలు ఆర్పి, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ తీసి ఆ క్యాపు బిగించండి. బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. ఎంత మంచి వాల్వయినా దానిలోని రబ్బరు ఏదో ఒకరోజు అరుగుతుంది. ఆ రోజును ముందుగా పట్టుకోవాల్సింది మనమే.