పేరు ఒకటి, పాములు అనేకం

పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చే ఒక చిన్న కొండచిలువను అమెరికాలో బాల్ పైథాన్ అంటారు, బ్రిటన్‌లో రాయల్ పైథాన్ అంటారు. బెదిరితే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది కనుక మొదటి పేరు. పైథాన్ రీజియస్ అన్న శాస్త్రీయ నామంలోని రాచరికం నుంచి రెండోది. ఒక పాముకు రెండు పేర్లుంటే పెద్ద చిక్కేమీ లేదు. ఒకే పేరు మీద వేర్వేరు పాములు అమ్ముడవుతున్నప్పుడే కొనేవారికి నష్టం.

రెడ్‌టెయిల్ బోవా సంగతి అదే. దుకాణాల్లో ఆ పేరుతో ఎక్కువగా దొరికేది కొలంబియా వైపు నుంచి వచ్చిన బోవా ఇంపరేటర్. సూరినామ్, గయానా, పెరూలలో ఉండే బోవా కన్‌స్ట్రిక్టర్ వేరు. అది ఇంకా పెద్దదవుతుంది, తోక ఎరుపూ ముదురు. పెంపకందారులు దాన్ని ‘ట్రూ రెడ్‌టెయిల్’ అంటారు. ‘ట్రూ’ అని తగిలించాల్సి వచ్చిందంటే అసలు పేరు అప్పటికే అరిగిపోయిందన్నమాట.

‘జంగిల్’ మరీ విచిత్రం. జంగిల్ కార్పెట్ పైథాన్ ఆస్ట్రేలియాలో ఈశాన్య క్వీన్స్‌లాండ్ అడవుల పాము. జంగిల్ కార్న్‌కు ఏ అడవీ లేదు. కార్న్ స్నేక్‌ను, కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌ను జతకట్టించి పుట్టించిన సంకరం అది. జంగిల్ బోవా సంకరం కూడా కాదు, జన్యు మార్పు వల్ల మచ్చల తీరు మారిన మామూలు బోవా. మొదటిది ఉపజాతి, రెండోది సంకరం, మూడోది రంగు రకం. ధర చీటీ మీద మాత్రం మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి.

విషం దగ్గరికి వస్తే ఈ పేర్ల గందరగోళం వేడుక కాదు. కార్పెట్ పైథాన్‌కు విషం లేదు. కార్పెట్ వైపర్ అంటే మన చిన్నపింజర కుటుంబానిది. కీల్‌బ్యాక్ అన్న పేరూ అంతే. మన చెరువుల్లో తిరిగే నీరుకట్టె ఆ పేరు గలదే, దాని కాటుతో ప్రాణభయం లేదు. అదే పేరున్న ఆగ్నేయాసియా ఎర్రమెడ కీల్‌బ్యాక్‌ను ఒకప్పుడు యూరప్‌లో సాధు జంతువుగానే అమ్మారు. దానికి పైదవడ వెనుక భాగంలో పెద్ద పళ్లున్నాయి. కాటు పడితే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది.

శాస్త్రీయ నామాలూ మారతాయి. బర్మీస్ పైథాన్‌ను 2009 వరకు మన కొండచిలువకు ఉపజాతిగానే లెక్కించారు. అయితే అలాంటి మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో రికార్డు ఉంటుంది. వ్యాపారపు పేరుకు అదీ లేదు.

తెలుగు పత్రికల్లో బాల్ పైథాన్, బర్మీస్, మన అడవుల జాతి అన్నీ కొండచిలువే. చట్టానికి అలా కుదరదు. మన అడవుల కొండచిలువను పెంచుకోవడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉన్న విదేశీ బాల్ పైథాన్‌ను మాత్రం 2024 నిబంధనల కింద కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాబట్టి పామును కొనాలనుకునేవారు ముందు దాని శాస్త్రీయ నామాన్ని కాగితం మీద రాయించుకోవాలి. రాసివ్వనంటే ఆ బేరం మానుకోవాలి.