మందపాటి అద్దం ఇవతల

అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో రేడియోధార్మిక పదార్థాల్ని ఉంచే గది, అంటే హాట్ సెల్ పనివాళ్ల పేర్లు ఆవర్తన పట్టికలో ఉండవు. మందపాటి అద్దం ఇవతల నిలబడి, యంత్రపు చేతులతో అవతలి సీసా మూత తిప్పడం వాళ్ల నిత్యకృత్యం. కన్నూ అలవాటూ కలిస్తే తప్ప కుదిరే పని కాదు. రియాక్టర్‌లో సుమారు 250 రోజులు మగ్గిన సరుకులోంచి 2009లో వాళ్లు వేరుచేసింది 22 మిల్లీగ్రాముల బెర్కీలియం. ఏడాది తిరిగేలోపు సగం మాయమయ్యే సరుకు! అయినా కాగితాలు సరిగా లేవని రష్యా కస్టమ్స్ వాళ్లు తిప్పి పంపడంతో అది అట్లాంటిక్‌ను ఐదుసార్లు దాటింది. చివరికి రష్యాలోని దుబ్నాలో దానిమీద నెలల తరబడి కాల్షియం అయాన్లు కురిపిస్తే దక్కినవి 117వ మూలకపు పరమాణువులు ఆరు. అవి దేనికంటే, ప్రస్తుతానికి కేంద్రకం ఎంత బరువు మోయగలదో తెలుసుకోవడానికే. ఓక్ రిడ్జ్‌లో తయారయ్యే కాలిఫోర్నియం మాత్రం రియాక్టర్లను రాజేస్తుంది, చమురు బావుల్ని పరీక్షిస్తుంది.